రిలేటెడ్ రేట్స్ యాప్ రివ్యూ: నాకు నచ్చింది ఆ తాళమే

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ రిలేటెడ్ రేట్స్ ప్రాక్టీస్ యాప్‌ని తయారుచేసినవాళ్లే నాకు ఫ్రీగా ఇచ్చారు. రిలేటెడ్ రేట్స్ అంటే, ఒకటి మారుతుంటే దానితో ముడిపడిన ఇంకోటి ఎంత వేగంగా మారుతుందో కనుక్కునే కాలిక్యులస్ లెక్కలు. డబ్బులేమీ ఇవ్వలేదు కాబట్టి తిట్టాల్సిన చోట తిడతాను. ఎన్ని లెక్కలున్నాయి, ఏ ఫోన్‌లో పనిచేస్తుంది అన్నవి మీరు ఈపాటికే చూసి ఉంటారు. నేను తాళం గురించి మాట్లాడతాను.

నిచ్చెన లెక్క తెలుసుగా. 5 మీటర్ల నిచ్చెన గోడకి ఆనించి ఉంది. దాని అడుగు సెకనుకు 1 మీటరు చొప్పున గోడకి దూరంగా జరుగుతోంది. అడుగు 3 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు పైకొస ఎంత వేగంతో దిగుతోంది? చదువుకునే రోజుల్లో నేను చూడగానే అడుగు దూరం ఎక్స్ బదులు 3 వేసేసేదాన్ని. పైకొస ఎత్తు వై 4 వచ్చేది. 9 ప్లస్ 16 ఈక్వల్స్ 25. బాగుంది, ఇక డిఫరెన్షియేట్ చేస్తే, అంటే మారే వేగం కనుక్కుంటే? సున్నా ఈక్వల్స్ సున్నా! జారుతున్న నిచ్చెనకి నేనే మేకులు కొట్టేశానన్నమాట.

ఈ యాప్‌లో ఆ 3 మీద తాళం ఉంటుంది. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ ఈక్వల్స్ 25 అని రాసి, రెండు వైపులా టైమ్‌తో డిఫరెన్షియేట్ చేశాకే తెరుచుకుంటుంది. మరి 5 మీద? తాళం లేదు! నిచ్చెన పొడవు మారదు కదా. 3 మాత్రం ఆ ఒక్క క్షణానిదే. ఇంతకుముందు వాడిన ఫార్ములా కార్డుల్లో చైన్ రూల్ అనే డిఫరెన్షియేషన్ సూత్రం రంగురంగుల్లో ఉండేది గానీ, ఈ తేడా ఎక్కడా లేదు. అది తెలియక ఎన్ని మార్కులు పోగొట్టుకున్నానో.

ఇక చిరాకు. 3 ఇంటు 1, ప్లస్ 4 ఇంటు డీవై బై డీటీ ఈక్వల్స్ సున్నా. డీవై బై డీటీ, అంటే పైకొస ఎత్తు మారే వేగం, మైనస్ 0.75. సరే. కానీ ప్రశ్న "ఎంత వేగంతో దిగుతోంది" అని. నేను 0.75 అని కొడితే తప్పంది! దిగుతోంది అన్న మాటలోనే మైనస్ ఉంది కదండీ? రెండుసార్లు యాప్ మూసేశా.

శంకువు లెక్కలో ఇంకో లోపం. వ్యాసార్థం ఎత్తులో సగం అని యాప్ తనే చెప్పేస్తుంది. సరూప త్రిభుజాలు గీసి అది కనుక్కోవడమే అక్కడ అసలు పని. బెలూన్ లెక్కలు మామూలే.

స్లైడర్ మాత్రం సరదా. అడుగుని 4.99 మీటర్లదాకా లాగితే పైకొస వేగం సెకనుకు దాదాపు 16 మీటర్లు చూపిస్తుంది. ఇంకా లాగితే హద్దే లేదు. నిజం నిచ్చెనైతే అలా జరగదు, దాని పైకొస ముందే గోడని వదిలేస్తుంది. ఆ ముక్క యాప్‌లో రాయలేదు, నేను చెబుతున్నా.

నా ఫోన్‌లో ఉంచుకుంటున్నాను, ఆ తాళం కోసమే. ఆ మైనస్ గొడవ సరిచేస్తే మళ్లీ వీడియో పెడతా. అప్పటిదాకా మీరు మైనస్ కొట్టేయండి, దానితో వాదించకండి.