రంగుల నిట్టింగ్, పెయింటింగ్ కలిపి నేర్చుకుంటే? సామాను, ఖర్చు, ఫలితం: అనంతపురం నుంచి నా రివ్యూ

నమస్కారం అండి, అనంతపురం నుంచి. ఈ వీడియోలో రెండు హాబీలను కలిపి రివ్యూ చేస్తున్నాను. మొదటిది, రెండు మూడు రంగులతో డిజైన్ వచ్చేలా అల్లే నిట్టింగ్, రెండోది పెయింటింగ్. ఏది ముందు మొదలుపెట్టాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. మీకు రంగుల నిట్టింగ్ మీద మనసుంటే, ఊలు కొనకముందు కొన్నాళ్లు కుంచె పట్టుకోండి. నలుపు, తెలుపు పోస్టర్ కలర్ సీసాలు రెండు, ఒక బ్రష్, ఒక డ్రాయింగ్ పుస్తకం. అంతే ఖర్చు. దానివల్ల ఊలు మీద పెట్టే డబ్బు చాలా మిగులుతుంది. ఎలాగో చూపిస్తాను.

ఇదిగో, టేబుల్ మీద రెండు ముక్కలు. డిజైన్ ఒకటే, సూదులు ఒకటే, ఊలు మందం కూడా ఒకటే. ఈ ముక్క ఎరుపు, ఆకుపచ్చ. ఇది ముదురు మెరూన్, మీగడ రంగు. ఉండలుగా ఉన్నప్పుడు ఎరుపు, ఆకుపచ్చ జత ఎంత బాగుందో చూడండి, చేతిలోంచి వదలబుద్ధి కాదు. ఇప్పుడు కెమెరా వెనక్కి జరుపుతున్నాను. మెరూన్ ముక్కలో పువ్వు రేకులు ఇక్కణ్ణుంచి కూడా లెక్కపెట్టొచ్చు. ఎరుపు, ఆకుపచ్చ ముక్కలో పువ్వు మాయమైపోయింది. ఏదో గజిబిజిగా కనిపిస్తోంది తప్ప బొమ్మ లేదు. ఇప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేస్తున్నాను. చూశారా? ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే బూడిద రంగు.

అసలు విషయం ఇక్కడే ఉంది. బొమ్మ కనబడాలంటే రంగులు వేరైతే చాలదు, ఒకటి ముదురుగా, ఒకటి లేతగా ఉండాలి. పెయింటింగ్ వాళ్లు దీన్ని టోన్ అంటారు. పెయింటింగ్ క్లాసుల్లో తొలిరోజుల్లోనే దీన్ని నేర్పిస్తారు. నిట్టింగ్ నేర్పేవాళ్లు మాత్రం కుట్టు, వరస, సూది సైజు దగ్గరే ఆగిపోతారు. అందుకే కుట్టు అచ్చంగా వచ్చినా రంగుల దగ్గర డీలా పడేవాళ్లు ఇంతమంది ఉన్నారని నా అభిప్రాయం.

మరి ధర్మవరం చీరలో ఎర్రటి ఒంటికి ఆకుపచ్చ అంచు ఎంత చక్కగా నప్పుతుంది కదా అంటారేమో. అలాంటి చీర ఒకటి బయటికి తీసి అంచు దగ్గర చూడండి. రెండు రంగులూ కలిసే చోట జరీ గీత ఉంటుంది. ఆ మెరుపు రెంటినీ విడదీస్తుంది. ఊలులో కూడా అదే చేయొచ్చు. మీకు ఎరుపు, ఆకుపచ్చే కావాలంటే మధ్యలో రెండు వరసలు మీగడ రంగు వేయండి, వెంటనే రెండూ లేచి కనిపిస్తాయి.

ఇప్పుడు పోస్టర్ కలర్ పని. నలుపు, తెలుపు కలిపి ఐదు గళ్లు వేశాను. మొదటిది తెలుపు, చివరిది నలుపు, మధ్యలో మూడు బూడిద మెట్లు. చూడ్డానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ ఆ మధ్య మూడు మెట్లు సమానంగా రావడం తేలిక కాదు. నలుపు బలమైన రంగు, బ్రష్ కొసన కొంచెం తీసుకున్నా తెలుపును మింగేస్తుంది. తెలుపులోకి నలుపును కొద్దికొద్దిగా కలుపుతూ వెళ్లాలి. ఈ పట్టీ ఎండాక దాని మీద ఊలు పోగులు పెట్టి, కళ్లు సగం మూసి చూడండి. ఏ పోగు ఏ గడిలో కలిసిపోతే ఆ పోగు టోన్ అది. రెండు పోగుల మధ్య కనీసం రెండు మెట్ల తేడా ఉంటేనే వాటిని జతగా కొనండి. నేను ఈ పట్టీని బ్యాగులో పెట్టుకునే షాపుకి వెళ్తాను.

షాపు అంటే గుర్తొచ్చింది. ఊలు ఉండల్ని లోపలి లైట్ల కింద చూసి కొనొద్దండి. ఇక్కడ క్లాక్ టవర్ చుట్టుపక్కల బట్టల షాపుల్లో మన ఆడవాళ్లు చీరను గడప దాకా తెచ్చి పగటి వెలుతురులో చూస్తారు కదా, ఊలుకీ అదే పద్ధతి. కొన్ని లైట్ల కింద నేవీ బ్లూ, నలుపు ఒకేలా కనిపిస్తాయి.

పెయింట్ల రివ్యూకి వద్దాం. నేర్చుకునేవాళ్లకి నేను చెప్పేది కామెల్ పోస్టర్ కలర్సే. ఎండిపోయినా నీళ్లు తగిలిస్తే మళ్లీ కరుగుతాయి కాబట్టి వృథా కావు. అక్రిలిక్ ఎండితే ప్లాస్టిక్ అయిపోతుంది, ఇక కరగదు. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద కూర్చుని అక్రిలిక్ కలిపితే, రంగు కాగితం మీదికి వచ్చేలోపే పళ్లెంలో పొర కట్టేస్తుంది. టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్ పరిచి, ఆ పేపర్ మీద రంగులు పెట్టుకుంటే చాలాసేపు మెత్తగా ఉంటాయి. మూత బిగిస్తే మర్నాటికీ పనికొస్తాయి.

వాటర్ కలర్‌కి మాత్రం కాగితం మీద డబ్బు పెట్టండి, రంగుల మీద తగ్గించుకున్నా ఫర్వాలేదు. పల్చటి డ్రాయింగ్ షీట్ తడవగానే ఉబ్బి అలలు తేలుతుంది, రంగు గుంటల్లోకి చేరి మచ్చలు కడుతుంది. 300 జీఎస్ఎం కాగితం, అంటే మందపాటిది, తీసుకోండి. వీలైతే పూర్తి కాటన్ కాగితం. అది తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. అనంతపురం లాంటి పొడి గాలిలో ఒక రంగులోకి ఇంకో రంగు మెల్లగా పాకించాలంటే ఆ తడే కావాలి. తడి రంగుల పని తెల్లవారుజామున పెట్టుకోండి. మధ్యాహ్నం రెండింటికి వాటర్ కలర్ వేయడం కంటే నిద్రపోవడం మంచిది.

ఇక నిట్టింగ్. రంగుల అల్లికలో రకాలు చాలా ఉన్నాయి, వాటిలో రెండే చెప్తాను. మొదటిది ఫెయిర్ ఐల్. స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి పేరు మీద వచ్చింది. ఒక వరసలో రెండు రంగులే వాడతారు. ఒక రంగు అల్లుతుంటే రెండో రంగు పోగు వెనకాల వేలాడుతూ వస్తుంది. స్వెటర్ మొత్తంలో ఎన్నో రంగులు కనిపించినా ఏ వరస తీసి చూసినా రెండే ఉంటాయి, అదీ దాని తెలివి. అప్పట్లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌గా ఉన్న ఎడ్వర్డ్ 1922లో సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్ ఆడుతూ ఈ స్వెటర్ వేసుకున్నాక అది పెద్ద ఫ్యాషన్ అయింది.

ఈ ముక్కని తిరగేసి చూపిస్తాను. ఈ అడ్డపోగులు చూడండి, ఇవే ఆ వెనకాల వచ్చేవి. ఐదు కుట్లకు మించి పోగు ఊరికే వేలాడితే మధ్యలో ఒకచోట మెలేసి పట్టించాలి, లేకపోతే వేలికీ గాజుకీ తగులుకుంటుంది. పోగు బిగించి లాగితే ముందువైపు ముడతలు పడతాయి. కుడి సూది మీది కుట్లను బాగా పరిచి, ఆ తర్వాత పోగు మార్చండి, ముడత రాదు. ఇంకోటి, చాలా వీడియోల్లో చెప్పనిది. రెండు పోగుల్లో ఎప్పుడూ కిందినుంచి వచ్చే పోగు కుట్లు కాస్త పెద్దవిగా పడి ఎక్కువ కనిపిస్తాయి. అందుకే పువ్వు రంగును మొదటి నుంచి చివరిదాకా కిందే పట్టుకోండి. మధ్యలో తారుమారైతే అక్కడ అడ్డంగా చార పడినట్టు తెలిసిపోతుంది.

ఫెయిర్ ఐల్‌కి అసలైన ఊలే కావాలి. గొర్రె ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి, కుట్టును కుట్టు పట్టుకుంటుంది, చిన్న ఎగుడుదిగుళ్లు ఉతికాక సర్దుకుంటాయి. అక్రిలిక్ ఊలు, అంటే సింథటిక్ పోగు, అలా సర్దుకోదు. దాని మీద వేడి ఇస్త్రీ పెట్టి సర్దుదామనుకుంటే చచ్చుబడి వేలాడిపోతుంది. కాటన్‌కి సాగే గుణం తక్కువ, అల్లినప్పుడు పడ్డ తేడా అలాగే ఉండిపోతుంది. పైగా వెనక పోగులతో బట్ట రెట్టింపు మందం అవుతుంది. మన సీమలో ఆ స్వెటర్ ఎప్పుడు వేసుకుంటాం? బెంగళూరులో చదువుకునే పిల్లలకి టోపీ అల్లి పంపండి, డిసెంబర్‌లో పనికొస్తుంది.

అందుకే మన ఊరి కోసం నేను గట్టిగా చెప్పేది రెండో రకం, మొజాయిక్ నిట్టింగ్. రెండు వరసలు ఒక రంగు, రెండు వరసలు ఇంకో రంగు, అంతే. చేతిలో ఎప్పుడూ ఒకే పోగు. డిజైన్ అంతా కొన్ని కుట్లను అల్లకుండా సూది మీద నుంచి సూది మీదికి జార్చడంతోనే వస్తుంది. కాటన్‌తో శుభ్రంగా వస్తుంది. చేతులు చెమట పట్టే రోజుల్లో కూడా ఓపిక పోదు. కుషన్ కవర్, చేతి సంచి, టేబుల్ మ్యాట్, ఇవన్నీ మనింట్లో ఏడాది పొడవునా వాడేవే. దీంట్లో ఏ బొమ్మ పడితే ఆ బొమ్మ రాదు, గీతలూ మెట్లూ ఉన్న డిజైన్లే కుదురుతాయి. ఆ మాత్రం పరిమితి కొత్తవాళ్లకి మంచిదే.

సూదులు వెదురువి తీసుకోండి. లోహం సూదుల మీద కుట్టు జారుతుంది, జార్చే కుట్లు ఎక్కువున్న పనిలో అది టెన్షన్. డీకే అనే మధ్యరకం మందం పోగుకి 4 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. కాటన్ ఉండలు కొన్నాక ముదురు రంగు పోగు ముక్కను తడిపి తెల్ల గుడ్డలో పెట్టి నలపండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఒక సెట్‌లో ఎరుపు ఇలా దిగిపోయింది, ఇదిగో గుడ్డ మీద మరక. తెలుపు పక్కన అల్లాక ఉతికితే ఇదంతా దానికే అంటుకుంటుంది. కంపెనీ పేరు చెప్పను కానీ, ఏ కంపెనీది కొన్నా ఈ పరీక్ష తప్పించుకోవద్దు.

పెయింటింగ్ నుంచి నిట్టింగ్‌కి వచ్చి పేరు తెచ్చుకున్నాయన ఒకరున్నారు, కేఫ్ ఫాసెట్. 1937లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ చిత్రకారుడు. స్కాట్లాండ్ వెళ్లినప్పుడు అక్కడి కొండల రంగులన్నీ ఊలు ఉండల్లో కనిపిస్తే కొనేశాడు. అల్లడం రాదు. తిరుగు ప్రయాణంలో రైల్లో తోటి ప్రయాణికురాలు నేర్పించింది. 1988లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆయన పనులతో ప్రదర్శన పెట్టింది. కష్టమైన కుట్లు ఆయన పెద్దగా వాడడు. నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లు దాటడు. అంతా రంగుల ఎంపికే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

మనకి రంగుల పాఠం కావాలంటే లేపాక్షి ఉంది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ మనకి లేపాక్షి మనదే. వీరభద్ర స్వామి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దం నాటి విజయనగర చిత్రాలు. ఈసారి వెళ్లినప్పుడు కథల సంగతి కాసేపు పక్కన పెట్టి ఆడవాళ్ల బొమ్మల చీరలు మాత్రమే చూడండి. చారలు, గళ్లు, పువ్వులు, ఒక చీర అంచు ఇంకో చీరకి లేదు. వాడినవి మట్టి ఎరుపులు, గోధుమ, పచ్చ, తెలుపు, నలుపు ఛాయలే. నీలం కనబడదు. ఇంత తక్కువ రంగులతో, ఇన్ని వందల ఏళ్లు మసకబారాక కూడా, కింద నిలబడి తల ఎత్తి చూస్తే ప్రతి చేయీ ప్రతి కొంగూ విడివిడిగా తెలుస్తుంది. ఎందుకంటే లేత రంగు పక్కన ముదురు రంగు పెట్టి, చుట్టూ నల్ల గీత గీశారు. ఇందాక టేబుల్ మీద నేను బ్లాక్ అండ్ వైట్ ఫొటోతో చూపించింది వాళ్లు పైకప్పు మీద చేసి చూపించారు. లతా మండపం స్తంభాల మీద చెక్కిన డిజైన్లయితే చీరల అంచుల్లోకి ఎప్పుడో వచ్చేశాయి, ఊలులోకి మనం తెచ్చుకోవాలి.

అక్కడ చూసిన అంచును స్కూల్ గ్రాఫ్ పేపర్ మీద గడికి ఒక కుట్టుగా దించుకోండి. ఒక జాగ్రత్త. మామూలు నిట్టింగ్‌లో కుట్టు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. డీకే ఊలుతో 10 సెంటీమీటర్లకి అడ్డంగా 22 కుట్లు పడితే నిలువుగా 28 నుంచి 30 వరసలు పడతాయి. గ్రాఫ్ మీద గుండ్రంగా ఉన్న పువ్వు అల్లేసరికి అణిగిపోతుంది. మొజాయిక్‌ని అన్ని వరసలూ నిట్ కుట్టుతో అల్లితే ఒక గడికి రెండు వరసలు వస్తాయి కాబట్టి గడి దాదాపు చదరంగానే ఉంటుంది. అందుకే గీసింది గీసినట్టు వస్తుంది. గ్రాఫ్ మీద ముందు పోస్టర్ కలర్ వేసి, గోడకి అంటించి, గదిలో అవతలి మూల నుంచి చూడండి. అక్కడ కనబడని డిజైన్ ఊలులోనూ కనబడదు, అల్లే శ్రమ మిగులుతుంది.

నా లెక్కలో మార్కులు ఇవి. మన వాతావరణానికి, మన ఇళ్లకి మొజాయిక్ నిట్టింగ్ పదికి తొమ్మిది. ఫెయిర్ ఐల్ ఆరు. అందంలో లోటేం లేదు, వాడుక తక్కువ, అసలైన ఊలు ఖరీదు. పోస్టర్ కలర్ తొమ్మిది. వాటర్ కలర్ ఏడు, చలికాలంలో అయితే ఎనిమిది. అక్రిలిక్ పెయింట్‌ని మే నెలలో మాత్రం మొదలుపెట్టొద్దు.

లేపాక్షి స్తంభాల మీది మెట్ల వరసలు చూసి మొజాయిక్ కోసం నేను గీసుకున్న అంచు చార్ట్ స్క్రీన్ మీద పెడుతున్నాను, పాజ్ చేసి దించుకోండి. డిజైన్ 12 కుట్లకి ఒకసారి తిరిగి వస్తుంది, కాబట్టి 12 చొప్పున ఎన్ని కావాలంటే అన్ని కుట్లు సూది మీదికి ఎక్కించి, అంచుకి అటొకటి ఇటొకటి కలపండి. చార్ట్‌ని అడుగు నుంచి పైకి, ముందువైపు వరసల్లో కుడి నుంచి ఎడమకి చదవాలి. వెనకవైపు వరసకి చార్ట్ చూడక్కర్లేదు, అల్లిన కుట్లను అల్లండి, జార్చిన కుట్లను పోగు మీ వైపు ఉంచి మళ్లీ జార్చండి.