మనస్సుకు నడుము కట్టుకోవడం: శ్రోతలతో ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ వందనాలు. ఈ వారం అంశం క్రైస్తవ జీవితంలో ఏకాగ్రత, ఆశానిగ్రహం అంటే మనల్ని మనం అదుపులో పెట్టుకోవడం, నిరీక్షణ అంటే దేవుని మీద ఆశ పెట్టుకోవడం. పాస్టర్ గారు మనతో ఉన్నారు. అయ్యగారూ, రెండు మాటలు చెప్పి ప్రారంభించండి.

పాస్టర్: అందరికీ వందనాలు. బైబిల్లో అపొస్తలుడైన పేతురు రాసిన మొదటి పత్రిక, అంటే మొదటి లేఖ, 1వ అధ్యాయం 13వ వచనం వినండి. "మీ మనస్సు అను నడుము కట్టుకొని నిబ్బరమైన బుద్ధిగలవారై, యేసుక్రీస్తు ప్రత్యక్షమైనప్పుడు మీకు తేబడు కృపవిషయమై సంపూర్ణ నిరీక్షణ కలిగియుండుడి." ఈ వాక్యంలో కట్టుకొని, గలవారై అన్న మాటలు రెండూ చివరి క్రియ మీద ఆనుకొని ఉన్నాయి, ఆజ్ఞ మాత్రం "నిరీక్షణ కలిగియుండుడి" అన్నచోట ఉంది, గ్రీకు మూలంలోనూ అమరిక ఇదే. మనం దీన్ని తలకిందులు చేసి, ముందు నిగ్రహం సాధిస్తేనే దేవుని మీద ఆశ పెట్టుకునే అర్హత వస్తుందనుకుంటాం. ఇక నడుము కట్టుకోవడం అంటారా, ఇప్పుడు యాసంగి నాట్లు సాగుతున్నాయి కదా, మన ఆడవాళ్ళు మడిలోకి దిగకముందే, గట్టు మీదనే కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు నడుముకు బిగించుకుంటారు. దిగిన తరువాత ఒక చేతిలో నారు కట్ట, మరో చేతికి బురద ఉంటాయి కాబట్టి చీర సర్దుకోవడం కుదరదు. అందుకే నేను ఎప్పుడూ చెబుతుంటాను, ఒట్లు పెట్టుకోవద్దు, ముందుగా ఏర్పాటు చేసుకోండి.

వ్యాఖ్యాత: హనుమకొండ నుంచి ఒక తమ్ముడు లైన్లో ఉన్నారు.

శ్రోత (హనుమకొండ): వందనాలు అయ్యగారూ. నేను అద్దె గదిలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నాను. పొద్దున్నే వాక్యం చదవాలని ఫోన్లో బైబిలు తెరుస్తాను, కానీ పైన ఏదో ఒక సందేశం కనిపిస్తుంది, అక్కడి నుంచి రీల్స్‌లోకి వెళ్ళి ముప్పావు గంట పోగొట్టుకుంటాను. ఆ తరువాత ప్రార్థన చేయడానికి సిగ్గుగా ఉంటుంది.

పాస్టర్: ఫోను రాత్రి ఎక్కడ ఉంటుంది నాయనా?

శ్రోత: దిండు కిందనే ఉంటుంది అయ్యగారూ, అలారం కోసం.

పాస్టర్: అయితే నీ ప్రార్థన సంగతి రాత్రి పడుకునేటప్పుడే తేలిపోతోంది. సామెతలు 25వ అధ్యాయం 28వ వచనం, తన మనస్సును అణచుకొనలేనివాడు ప్రాకారము లేక పాడైన పురము వంటివాడని అంటుంది. నీకు ఖిలా వరంగల్ దగ్గరే. అక్కడి రాతికోటను, దాని చుట్టూ ఉన్న మట్టికోటను శత్రువు వచ్చిన రోజున కట్టలేదు, నెమ్మదిగా ఉన్న కాలంలో కట్టుకున్నారు. ఈ రోజే ఒక మామూలు అలారం గడియారం కొనుక్కో, అచ్చు బైబిలు బల్ల మీద తెరిచి పెట్టుకో, ఫోను గదికి ఆ చివర ఛార్జింగులో పెట్టు. యేసు ప్రభువు ఇంకా చాలా చీకటిగా ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళాడని మార్కు 1వ అధ్యాయం 35వ వచనంలో ఉంది. ఆయన కూడా జనం లేని చోటును ఎంచుకున్నాడు. సిగ్గుగా ఉందని ప్రార్థన మానవద్దు. ముప్పావు గంట పోయినా మిగిలిన ఐదు నిమిషాలతోనే ఆయన దగ్గరికి వెళ్ళు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు తమ్ముడూ. జగిత్యాల జిల్లా నుంచి అమ్మా, మాట్లాడండి.

శ్రోత (జగిత్యాల జిల్లా): వందనాలు అయ్యగారూ. నేను బీడీలు చుడతాను. మా ఆయన సౌదీకి పోయి ఆరేళ్ళు అవుతోంది. రెండేళ్ళకు వస్తానని పోయాడు. పోయేటప్పుడు ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు, మిత్తి కడుతున్నాము. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, బాబు ఏడో తరగతి. పోయిన సంవత్సరం ఒక ప్రార్థన కూడికలో ఒక సేవకుడు నా తల మీద చెయ్యి పెట్టి, క్రిస్మస్‌కు నీ భర్త ఇంట్లో ఉంటాడని దేవుడు చెప్పాడన్నాడు. నేను ఇంటికి సున్నం వేయించాను, ఆయనకు బట్టలు కొన్నాను. క్రిస్మస్ పోయింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీస్తే మంచి వాక్యమే వచ్చింది, కానీ నాకు చదవబుద్ధి కాలేదు. అయ్యగారూ, ఆయన ఈ సంవత్సరమైనా వస్తాడా?

పాస్టర్: అమ్మా, ఆయన ఫోన్ చేస్తున్నాడా?

శ్రోత: శుక్రవారం చేస్తాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉందట, అడిగితే రేపు మాపు అంటున్నాడట. నాకు ఇంకొక బాధ కూడా ఉంది. చాట ఒడిలో పెట్టుకొని కూర్చుంటే చేతులు ఆకు చుడుతూనే ఉంటాయి కానీ మనసు ఎక్కడో ఉంటుంది. ఆ రోజు తంబాకు తక్కువ పడింది, లెక్క తప్పింది, బాబు వచ్చి నోటుపుస్తకానికి డబ్బులు అడిగాడు. చేతిలో కత్తెర పక్కన పెట్టి వాడిని గట్టిగా కొట్టాను. వాడు ఏడవలేదు, నన్ను చూస్తూ నిలబడ్డాడు. నాకు ఆశానిగ్రహం లేదని మా సంఘంలో అంటారు. అయితే అయ్యగారూ, ఆయన వస్తాడా, దేవుడు మీకు ఏమైనా చూపిస్తున్నాడా?

పాస్టర్: అమ్మా, నాకు తెలియదు. తెలిసినట్లు మాట్లాడితే నేను మీకు రెండోసారి అన్యాయం చేసినవాడిని అవుతాను. శ్రోతలందరికీ చెబుతున్నాను, దేవుని పేరు మీద ఎవరైనా తారీఖులు చెబితే నమ్మవద్దు. ఆ సేవకుడి మాట తప్పింది కానీ దేవుడు మీకు ఇచ్చిన మాట తప్పలేదు, ఎందుకంటే ఆ తారీఖును ఆయన చెప్పనే లేదు. పేతురు ఆ పత్రికను ఎవరికి రాశాడో చూడండి. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ దేశాలలో చెదరిపోయి పరదేశులుగా బతుకుతున్న వారికి రాశాడు. ఫలానా నెలలో మీ కష్టం తీరుతుందని వారికి ఆయన రాయలేదు. యేసుక్రీస్తు ప్రత్యక్షమయ్యే దినాన మీకు అందే కృప మీద సంపూర్ణంగా ఆశ పెట్టుకోండని రాశాడు. మీ భర్త రాక కోసం ప్రార్థించండి, నేనూ ప్రార్థిస్తాను, అయితే మీ ప్రాణమంతటినీ ఆ ఒక్క కొయ్యకే తగిలించవద్దు.

శ్రోత: అంటే ఆశ వదులుకోమంటారా?

పాస్టర్: లేదమ్మా, లేదు. ఆశ ఉన్నవారే చేయవలసిన పని చేస్తారు. యజమాని పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోవడం సరికాదు. మీ భర్త పేరు, పాస్‌పోర్టు నంబరు, పని చేసే చోటు రాసి కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇవ్వండి. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. ఆయనను అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించమనండి. ఇక బాబు సంగతి. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకుంటే దేవుడు ముందుగా గద్దించలేదు, రొట్టె పెట్టి, నీళ్ళిచ్చి, నిద్రపోనిచ్చాడు. మీరు అలసిపోయి ఉన్నారు. బడి నుంచి వాడు వచ్చే వేళకు చాట దించి, చేతులు కడుక్కొని, వాడితో కలిసి ఏదైనా తినండి. వంద బీడీలు తక్కువైతే కానివ్వండి. ఒట్లు వద్దు, ఏర్పాటు చేసుకోండి. ఈ రాత్రి వాడిని దగ్గరికి తీసుకొని, కొట్టడం నాది తప్పని చెప్పండి.

శ్రోత: తల్లి కొడుకును క్షమించమని అడగవచ్చా అయ్యగారూ?

పాస్టర్: అడగవచ్చమ్మా. అడగాలి. ఆ చూపు వాడి మనసులో మిగిలిపోకూడదు.

శ్రోత: సరే అయ్యగారూ... ఆయన వస్తే మీకు ఫోన్ చేసి చెబుతాను.

పాస్టర్: రాకపోయినా చేయండి తల్లీ.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. భూపాలపల్లి నుంచి తరువాతి శ్రోత.

శ్రోత (భూపాలపల్లి): అయ్యగారూ, నేను బొగ్గు గనిలో పని చేస్తాను. షిఫ్టు దిగాక తాగుతాను. కొత్త సంవత్సరం ఆరాధనలో మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ఇది మూడోసారి. ఈస్టరుకు ముందు శ్రమల కాలం మొదలయ్యాక గట్టిగా...

పాస్టర్: ఆగండి. మళ్ళీ ఒట్టేనా? మూడు ఒట్లు మిమ్మల్ని ఆపలేదు, నాలుగోది ఎలా ఆపుతుంది? షిఫ్టు దిగాక ఏ దారిలో ఇంటికి వెళ్తారు?

శ్రోత: దుకాణం దారిలోనే ఉంటుంది.

పాస్టర్: అయితే దారి మార్చండి, విశ్వాసి అయిన ఒక తోటి కార్మికుడిని మీ వెంట ఇంటి దాకా రమ్మనండి, జీతం మీ భార్య చేతికి వెళ్ళనివ్వండి. పేతురు "నిబ్బరమైన బుద్ధి" అన్నచోట గ్రీకు మాటకు అసలు అర్థం మత్తులో లేకుండా ఉండడం. ఒక హెచ్చరిక కూడా వినండి. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి ముందుగా డాక్టరును కలవండి. అది విశ్వాసలోపం కాదు.

వ్యాఖ్యాత: మహబూబాబాద్ నుంచి...

శ్రోత (మహబూబాబాద్): అయ్యగారూ, ఉపవాసం ఉంటే నిగ్రహం వస్తుందా?

పాస్టర్: గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో ఆశానిగ్రహం ఆత్మ ఫలమని ఉంది. ఉపవాసం కలుపు తీయడం వంటిది, కాయ కాయించేది మాత్రం ఆత్మదేవుడే. షుగరు మందులు వాడేవారు మాత్రం...

వ్యాఖ్యాత: లైను తెగిపోయింది. డోర్నకల్ నుంచి ఒక పెద్దమ్మ గారు. సమయం తక్కువగా ఉంది అమ్మా, క్లుప్తంగా అడగండి.

శ్రోత (డోర్నకల్): నేను బడిపంతులమ్మగా పని చేసి దిగిపోయాను బాబూ. 1939లో ప్రతిష్ఠించిన మా పెద్ద గుడిలోనే చిన్నప్పుడు కీర్తనలు కంఠస్థం చేశాను. ఇప్పుడు అవి మరిచిపోతున్నాను. మోకరిస్తే ఎవరి కోసం ప్రార్థిస్తున్నానో మధ్యలో జారిపోతుంది. మనస్సుకు నడుము కట్టుకోమన్నారు కదా, కట్టుకోవడానికి మనస్సే నిలవకపోతే నా నిరీక్షణ ఏమవుతుంది?

పాస్టర్: అమ్మా, ఆ 13వ వచనానికి ముందు 4, 5 వచనాలు ఉన్నాయి. మీ స్వాస్థ్యం, అంటే మీకు రావలసిన వారసత్వం, పరలోకంలో భద్రపరచబడి ఉందని, మీరు దేవుని శక్తిచేత కాపాడబడుతున్నారని అక్కడ ఉంది. అది మీ జ్ఞాపకంలో దాచిపెట్టినది కాదు కాబట్టి మీ జ్ఞాపకంతో పాటు పోదు. పేర్లు మరిచిపోతే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. కీర్తన సగంలో ఆగిపోతే ఇంట్లో మనవరాలిని మిగతాది పాడమనండి.

శ్రోత: మనవరాలు పాడుతుంది బాబూ. నేను మొదలు పెడితే చాలు, తను అందుకుంటుంది.

పాస్టర్: అయితే మీరు మొదలు పెడుతూనే ఉండండి అమ్మా.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. పాస్టర్ గారికి, ఫోన్ చేసిన వారందరికీ వందనాలు.