ఈ యాప్‌కి రేసు తేదీ తెలుసు, రేసంటే తెలీదు | సైక్లింగ్ ట్రైనింగ్ ప్లానర్ రివ్యూ

నమస్తే అండీ అందరికీ. ముందు చెప్పాల్సింది ముందే చెప్పేస్తా. ఈ యాప్ వాళ్లు నాకు ఏడాది సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా ఇచ్చారు. డబ్బులివ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. అడిగుంటే ఈ వీడియో వచ్చేదే కాదు, చివరిదాకా చూస్తే మీకే తెలుస్తుంది. పేరు స్క్రీన్ మీద పడుతోంది, చూసుకోండి. నేను పలికితే ఆ కంపెనీవాళ్లే గుర్తుపట్టరు.

ధరెంత, ఏ పవర్ మీటర్‌తో (మనం తొక్కే బలాన్ని వాట్లలో కొలిచేది) కనెక్ట్ అవుతుంది, గార్మిన్ సైకిల్ కంప్యూటర్‌లోకి వర్కౌట్ ఎలా వెళ్తుంది, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. వాటి జోలికి పోను. వానాకాలం మొదట్నుంచీ దీన్ని వాడుతున్నా. దీంట్లో ఒకటి నాకు తెగ నచ్చింది, ఒకటి ఒళ్లు మండించింది. ఇవాళ ఆ రెండే.

ఇంకోటి. ఈ వీడియో ఎవరికంటే, ఉద్యోగం చేసుకుంటూ, తెల్లారకముందే లేచి తొక్కుతూ, ఏడాదికి రెండు మూడు రేసులకి పేరిచ్చేవాళ్లకి. వారానికి ఆరు గంటలు దొరికితే పండగ, పది దొరికితే ఇంట్లో మాటలు పడేవాళ్లకి. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్లకి ఈ గోలేం అక్కర్లేదు, హాయిగా తొక్కండి.

సరే, ముందు నచ్చింది.

యాప్ తెరవగానే క్యాలెండర్ వస్తుంది. అందులో మీ రేసులు పెట్టుకుని ఒక్కోదానికి ఏ, బీ, సీ అని గుర్తు పెట్టాలి. ఈ పద్ధతి కొత్తదేం కాదు. జో ఫ్రీల్ అనే అమెరికన్ కోచ్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఏ అంటే ఏడాదంతా దేనికోసం తొక్కుతున్నారో ఆ రేసు. బీ అంటే గట్టిగానే చేస్తారు, కాకపోతే దానికోసం రెండు మూడు రోజులు తేలిగ్గా తొక్కితే చాలు. సీ అంటే రేసు వేషంలో ఉన్న ట్రైనింగ్. పొద్దున రేసు, మర్నాడు మామూలు వర్కౌట్.

మన దగ్గర జరిగేదేంటో మీకు తెలుసు. ఎవర్ని అడిగినా అన్నీ ఏ రేసులే! బెంగళూరులో బీబీసీహెచ్, అంటే బెంగళూరు బైసికిల్ ఛాంపియన్‌షిప్స్ రేసుంది, అది ఏ. తర్వాత మన ఊళ్లో 200 కిలోమీటర్ల బ్రెవే ఉంది, అదీ ఏ. అసలు బ్రెవే రేసే కాదు. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాల టైమిస్తారు, అందులోపు వస్తే చాలు, ఫస్టూ లాస్టూ ఉండవు. అయినా గ్రూపులో పరువు సమస్య కాబట్టి అదీ ఏ. ఇక నీలగిరి కొండల్లో రోజుల తరబడి తొక్కే టూర్ ఆఫ్ నీలగిరీస్ అంటే చెప్పక్కర్లేదు.

ఈ యాప్ అక్కడ చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఆరు వారాల్లోపు రెండో ఏ పెట్టబోతే ఒప్పుకోదు. "ఈ రెండింట్లో మీకు ఏది ముఖ్యం?" అని అడిగి, జవాబు చెప్పేదాకా అక్కడే కూర్చుంటుంది. మొదటిసారి చిరాకేసింది. తర్వాత అర్థమైంది, మా గ్రూపులో ఇన్నాళ్లుగా ఎవరూ ఎవర్నీ అడగని ప్రశ్న అదేనని. ఏ రేసుకి ముందు పది పద్నాలుగు రోజులు తొక్కే గంటలు సగానికి తగ్గించాలి, తీవ్రత మాత్రం తగ్గించకూడదు. దాన్నే టేపర్ అంటారు. అన్నీ ఏ రేసులైతే ప్రతిదానికీ టేపర్ చేయాలి. ఏడాదంతా టేపరే అయితే ఇంక ట్రైనింగ్ ఎప్పుడు చేస్తారు?

ఒకసారి ఏ రేసు తేలాక, ముహూర్తం పెట్టుకున్న పెళ్లివాళ్లు పనులు లెక్కేసుకున్నట్టు, యాప్ ఆ తేదీ నుంచి వెనక్కి వస్తుంది. నా ఏ రేసు డిసెంబర్‌లో. చివరి రెండు వారాలు టేపర్. దానికి ముందు అక్టోబర్, నవంబర్ ఘాట్ రోడ్డు పని. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన, కాబట్టి ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండ్ మీద, బేస్ (పునాది వేసే తేలికపాటి తొక్కుడు). మధ్యలో దసరాకి ఊరెళ్లాలి, అక్కడ సైకిల్ లేదు. "ఊళ్లో ఉండను" అని వారం మొత్తం మూసేయొచ్చు, యాప్ కిక్కురుమనకుండా సర్దుకుంది. ఎగ్గొట్టిన వర్కౌట్లని తెచ్చి తర్వాతి వారం నెత్తిన పెట్టదు కూడా. ఇంతకుముందు నేను వాడింది ఎవరో పంపిన పీడీఎఫ్ ప్లాను. అందులో మంగళవారం అంటే మంగళవారమే. ఆఫీసులో రిలీజ్ ఉన్నా, ఇంట్లో చుట్టాలున్నా మంగళవారమే! దానికంటే ముందు ఎక్సెల్ షీటు. రంగులైతే చాలా బాగా వేసుకునేవాణ్ణి.

ఇక్కడిదాకా పదికి తొమ్మిది. ఇప్పుడు ఒళ్లు మండించింది.

క్యాలెండర్ పూర్తవగానే "మీ గోల్ ఎంచుకోండి" అంటుంది. (స్క్రీన్ మీద చూపిస్తున్నా.) మూడే ఉన్నాయి: ఎఫ్‌టీపీ పెంచుకోవడం, బరువు తగ్గడం, దూరం పూర్తిచేయడం. అంతే. మనం రాసుకోవడానికి ఖాళీ డబ్బా కూడా లేదు. ఇంతసేపూ నా రేసు గురించి అంత శ్రద్ధగా అడిగావు కదా, ఆ రేసులో నేనేం చేయాలనుకుంటున్నానో అడగవా?

ఎఫ్‌టీపీ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క. దాదాపు గంటసేపు నిలకడగా తొక్కగల పవర్, వాట్లలో. గంట టెస్టు చచ్చేంత కష్టం కాబట్టి 20 నిమిషాలు దమ్మున్నంత తొక్కి, వచ్చిన సగటుని 0.95తో గుణిస్తారు. మంచి కొలతే, కాదనను. కానీ అది కొలత. రేసు కాదు.

మా గ్రూపులో ఒకాయన ఉన్నాడు. ఏడాదంతా ఒకటే మంత్రం, 260 వాట్లు. సాధించాడు కూడా, పార్టీ కూడా ఇచ్చాడు. తర్వాత లూప్ రేసుకి, అంటే ఒకే దారిలో చుట్లు కొట్టే రేసుకి వెళ్తే బంచ్ (రైడర్ల గుంపు) చివర్లో ఇరుక్కున్నాడు. ముందున్నవాళ్లు మలుపు తిరిగి వేగం అందుకునేసరికి చివరివాళ్లు ఇంకా బ్రేకుల మీదే ఉంటారు. ప్రతి మలుపుకీ స్ప్రింట్ చేస్తేగానీ బంచ్ అందదు. రెండో ల్యాప్‌లోనే జారిపోయాడు. ఆయన కంటే పాతిక వాట్లు తక్కువున్న కుర్రాడు ముందు పది మందిలో కూర్చుని, గాలి తగలకుండా వాళ్ల చక్రాల వెనక దాక్కుని, చివర్లో దర్జాగా బయటికొచ్చాడు. ఇప్పుడు చెప్పండి, ఆ 260 ఏ డబ్బాలో వేసుకోవాలి?

దీనికి తోడు గుండ్రంగా ఒక శాతం చూపిస్తుంది, "లక్ష్యం చేరే అవకాశం" అని. దీని మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. అదెలా లెక్కేస్తుందో తవ్వి చూశా. మొత్తం పాయింట్ల మీదే. గంటసేపు సరిగ్గా ఎఫ్‌టీపీ దగ్గర తొక్కితే 100 పాయింట్లు. వాటి 42 రోజుల సగటు మీ ఫిట్‌నెస్, 7 రోజుల సగటు మీ అలసట. లెక్క పాతదే, అందరూ వాడేదే. చిక్కెక్కడంటే, మన హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ ఉంది కదా, దాని మీద అటూ ఇటూ నాలుగు గంటలు, ఎఫ్‌టీపీలో 68 శాతం దగ్గర, పాటలు వింటూ తొక్కారనుకోండి. దాదాపు 185 పాయింట్లు! శాతం చెంగున లేస్తుంది. అదే శంకర్‌పల్లి వైపు ప్లాట్లేసిన వెంచర్లుంటాయి చూడండి, రోడ్లేశారు, ఇళ్లు లేవు, జనం లేరు. అక్కడ తెల్లారుజామున నలుగురం కలిసి మలుపులు ప్రాక్టీస్ చేస్తాం. భుజానికి భుజం ఆనించి తొక్కడం, ముందు చక్రం వదలకుండా మలుపు తిరగడం. ముప్పావు గంటకి వచ్చేది పాతికో ముప్పయ్యో పాయింట్లు. ఆ రోజు శాతం కిందికి దిగింది. రేసులో నన్ను కాపాడే పని చేస్తే శిక్ష, పాటలు వింటే బహుమానం.

గోల్స్ మీద పరిశోధన లేక కాదు. ఎడ్విన్ లాక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1968లోనే రాశాడు: "చేతనైనంత చెయ్" అనేకంటే కచ్చితమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఇస్తే మనిషి బాగా చేస్తాడని. యాప్ వాళ్లు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేసినట్టున్నారు. ఈ దారిలోనే తర్వాత గ్యారీ లేథమ్ వాళ్ల పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది. పని కొత్తదై, చిక్కుగా ఉంటే, ఫలితాన్ని కాకుండా నేర్చుకోవాల్సినదాన్ని లక్ష్యంగా పెట్టుకుంటేనే మేలని. మొదటి ఏడాది బంచ్‌లో రేస్ చేసేవాడికి ఇంతకంటే పనికొచ్చే మాట లేదు. పోడియం మీ చేతిలో లేదండీ. ఆ రోజు ఎవరొస్తారో మీకేం తెలుసు? ముందు పదిహేను మందిలో ఉండటం చాలావరకు మీ చేతిలో ఉంది. గంటకి 60 గ్రాముల కార్బ్స్ తినడం పూర్తిగా మీ చేతిలో ఉంది.

అయితే కొన్ని రేసులకి అంకె కావాలి. ఘాట్ టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడి ఎక్కడం, అలాంటిదే. ఊటీ పక్కన కల్హట్టి తెలుసు కదా, 36 హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ ఎవరి చక్రం వెనకా దాక్కోలేరు. అలాంటిదానికి నేనెలా లెక్కేస్తానో చెప్తా. ఇది యాప్ చేయాల్సిన పని, కానీ చేయదు.

ఉదాహరణకి 400 మీటర్ల ఎత్తు ఎక్కాలి అనుకుందాం. నా బరువు 75 కేజీలు, సైకిలూ బాటిళ్లూ 9, మొత్తం 84. ఈ బరువుని అంత ఎత్తుకి లేపడానికే దాదాపు 3,30,000 జౌళ్ల పని. నేను 200 వాట్లు తొక్కితే గాలికీ టైర్లకీ చైనుకీ పోను దాదాపు 170 వాట్లు పైకెక్కడానికి మిగులుతాయి అనుకోండి. అంటే 32 నిమిషాల పైచిలుకు. ఇప్పుడు 30 నిమిషాల్లో ఎక్కాలంటే? దాదాపు 215 వాట్లు కావాలి. 15 వాట్లు పెంచాలి. అదే 200 వాట్లతో, ఒంట్లోంచి 2 కేజీలు తగ్గితే? ముప్పావు నిమిషం మిగులుతుంది, అంతే. 10 వాట్లు పెరిగితే నిమిషంన్నర. ఇది చూశాక కార్బన్ బాటిల్ కేజ్ కోసం వేలు పోసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. (మా తమ్ముడు ఈ వీడియో చూస్తాడు, చూడనీ.)

ఇప్పుడు ఆ 215ని పనిగా మార్చాలి. వారానికి రెండు రోజులు, రెండు సార్లు 20 నిమిషాల చొప్పున ఎఫ్‌టీపీకి కొంచెం కింద. నెలకోసారి అనంతగిరి ఘాట్. రేసు రోజు మొదటి ఐదు నిమిషాలు 210 దాటకూడదు, ఎవరు పక్కనుంచి ఎగిరిపోయినా సరే. ఈ మూడూ చేశానా లేదా అన్నదానికి అవుననో కాదనో జవాబుంటుంది. శాతం అక్కర్లేదు. ఇవన్నీ ఇప్పుడు నేను వర్కౌట్ కింద "నోట్స్" అని చిన్న డబ్బా ఉంటే అందులో రాసుకుంటున్నా. యాప్ దాన్ని చదవదు. నేను చదువుకుంటా.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో పొద్దున చల్లగాలిలో ఒక టెస్టు, మే నెలలో ఉక్కపోతలో ఇంకో టెస్టు చేస్తే రెండో అంకె తక్కువ రావడం మామూలే. ఒళ్లు చల్లబరుచుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, అదే వాట్లకి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఈ యాప్‌కి హైదరాబాద్ ఎండ లెక్కలోకే రాదు. మేలో వచ్చిన అంకె చూసి "ఫిట్‌నెస్ తగ్గింది, గోల్ సవరించాలా?" అంటుంది. వద్దు అని నొక్కండి. ట్రైనర్ ముందు పెద్ద ఫ్యాన్ పెట్టుకోండి.

మిగతావి గబగబా. గ్రాఫులు శుభ్రంగా ఉన్నాయి. రైడ్లు దాచుకునే స్ట్రావా యాప్ నుంచి పాత రైడ్లన్నీ లాక్కుంది, ఇబ్బంది పెట్టలేదు. తెలుగు లేదు, ఉంటుందని నేనూ అనుకోలేదు.

కొనాలా? ఆ క్యాలెండర్ కోసం నెల ప్లాను తీసుకోండి, సీజన్ మొత్తం ఒక్కరోజు కూర్చుని వేసుకోండి, స్క్రీన్‌షాట్లు తీసుకోండి, తర్వాత ఆపేయండి. ఏడాది ప్లానుకి డబ్బు కట్టమని మాత్రం నేను చెప్పను. ఫ్రీగా ఇచ్చినవాళ్లకి ఈ మాట నచ్చదని తెలుసు. ఆ శాతం తీసేసి, దాని చోట నాలుగు వాక్యాలు రాసుకునే డబ్బా ఒకటి పెడితే, మళ్లీ వీడియో చేస్తా, అప్పుడు నేనే డబ్బు కట్టి కొంటా.

కామెంట్లలో మీ ఏ రేసు రాయండి. ఒక్కటే రాయాలి, రెండు రాస్తే డిలీట్ చేస్తా. దాని కింద మీ చేతిలో ఉన్న పనులు రెండో మూడో రాయండి. ఎఫ్‌టీపీ ఎంతో రాయకండి, నాకొద్దు. వచ్చే వీడియోలో ఆ ఫ్యాన్ల సంగతి చూద్దాం, మూడు రకాలు తెప్పించా, ఒకటి ఇప్పటికే కీచుమంటోంది.