వదినా మరిదీ పాడ్‌కాస్ట్: ఏ కిటికీకి ఏ పరదా

వదిన: అందరికీ నమస్తే. పోయిన వారం మాటిచ్చినట్టే ఈ వారం కర్టెన్లు. హాలుకి ఎలాంటివి, బెడ్‌రూమ్‌కి ఎలాంటివి, వంటింటికి అసలు కావాలా వద్దా, గది గదికీ తిరిగి మాట్లాడుకుందాం.

చిన్నా: సరే, నేను లెక్కతో మొదలుపెడతా. రెడీమేడ్ కర్టెన్ పొడవు కిటికీకి 5 అడుగులు, తలుపుకి 7, పెద్ద స్లైడింగ్ తలుపుకి 9. వెడల్పు ఒక్కో ముక్క దాదాపు 4 అడుగులు. కిటికీ 5 అడుగులే కదా, రెండు ముక్కలు చాలనుకుంటారు. తీరా మూస్తే దండెం మీద దుప్పటి ఆరేసినట్టుంటుంది. రాడ్ కిటికీకి అటూ ఇటూ అర అడుగు బయటికి రావాలి, అంటే 6 అడుగులు. కుచ్చులు అందంగా పడాలంటే రాడ్‌కి రెండింతల బట్ట ఉండాలి. 12 అడుగులు, అంటే మూడు ముక్కలు.

వదిన: కుట్టించుకునేవాళ్ళయితే పన్నా, అంటే బట్ట వెడల్పు చూసుకోవాలి. 48 అంగుళాల పన్నా ఉంటుంది, 54 ఉంటుంది. మీటరు ధర ఒకటే చూసి కొంటే లెక్క తప్పుతుంది. అదే పోచంపల్లి ఇక్కత్‌లో అయితే...

చిన్నా: వచ్చేసింది పోచంపల్లి!

వదిన: ఎందుకు రాకూడదు? హైదరాబాద్‌లో బండెక్కితే గంటన్నర. నూలుకి ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. అందుకే ఆ డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. పొద్దున్న ఎండ వెనక నుంచి పడితే ఆ చెదురే ఎంత బాగుంటుందో. 2005లో జీఐ, అంటే ఆ ఊరి సరుకన్న భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాకపోతే నూలు బట్టని కుట్టించేముందు ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని నేలకి రెండు అంగుళాలు పైకి లేస్తుంది.

చిన్నా: ఎండకి రంగు వెలిసిపోతుంది కదా?

వదిన: వెనక తెల్ల అస్తరు, అంటే లోపలి బట్ట వేయించాలి. అస్తరు లేకుండా ఇక్కత్ పడమటి కిటికీకి కడితే ఆ నేతగాళ్ళ పనిని మనం ఎండలో పోసినట్టే.

చిన్నా: పడమర అన్నారు కాబట్టి నా గోడు చెప్పుకుంటా. నా బెడ్‌రూమ్ పడమర. రాత్రి షిఫ్ట్ ముగించి పొద్దున్న ఏడింటికి పడుకుంటా. నాకు చీకటి కావాలి, వేరే ఏమీ వద్దు. వెలుగు రానివ్వని బ్లాకౌట్ కర్టెన్, ముదురు నీలంది వేయించా. చీకటి వచ్చింది. కానీ మార్చి నుంచి మధ్యాహ్నం మూడు దాటితే చెమటతో మెలకువ.

వదిన: రాక ఏమవుతుంది? దొంగ ఇంట్లోకి వచ్చాక గడియ పెడుతున్నావు నువ్వు.

చిన్నా: అదెలా? కర్టెన్ ఎండని ఆపుతోంది కదా?

వదిన: వెలుగుని ఆపుతోంది. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసింది, నీ ముదురు నీలం బట్టని కాల్చింది. ఆ వేడి మళ్ళీ అద్దంలోంచి ఎండలా సులువుగా బయటికి పోదు, గదిలోకే వస్తుంది. సాయంత్రం నాలుగింటికి కర్టెన్‌కీ అద్దానికీ మధ్య చెయ్యి పెట్టి చూడు. ఇస్త్రీ చేసిన చొక్కా లోపల చెయ్యి పెట్టినట్టుంటుంది.

చిన్నా: పెట్టా. నిజమే. రింగుల దగ్గర ఇనుము కూడా చురుక్కుమంటుంది.

వదిన: అందుకే బయట ఆపాలి. వెదురు చిక్, అదే సన్నటి వెదురు పుల్లల తెర, కిటికీ బయట కడితే వేడి అక్కడే గాలిలో కలిసిపోతుంది.

చిన్నా: వదినా, ఫ్లాట్లో ఎలా కడతారు? మా అసోసియేషన్ వాళ్ళు బయట తాడు కనిపించినా నోటీసు పెడతారు. ఏసీ వేసుకుంటే సరిపోదా?

వదిన: అదే నాకు కోపం. పదో అంతస్తు దాకా అద్దాలు బిగించి, కిటికీ మీద జానెడు చజ్జా పోయరు. నీడ కోసం మనం చిక్ కడితే బిల్డింగ్ అందం పోతుందట. లోపలి మనిషి ఉడికిపోతే ఫర్వాలేదా?

చిన్నా: చజ్జా ఉన్నా పడమర ఎండ ఆగదు కదా?

వదిన: మధ్యాహ్నం నెత్తిమీది ఎండని ఆపుతుంది. నాలుగు గంటల ఎండ ఏటవాలుగా చజ్జా కిందినుంచి దూరుతుంది, దానికి నిలువు తెరే కావాలి. ఇంకోటి విను. మార్చి 21 దాటాక సూర్యుడు నేరుగా పడమట అస్తమించడు. రోజురోజుకీ వాయవ్యం వైపు జరుగుతాడు, జూన్ దాకా అంతే. అందుకే ‘మాది ఉత్తరం కిటికీ, మాకు ఎండే రాదు’ అనుకున్నవాళ్ళ గోడ మీద కూడా మే నెల సాయంత్రం ఎండ పడుతుంది.

చిన్నా: అయినా చిక్‌తో తంటాలు లేవా? గాలికి కొట్టుకుంటుంది, వానకి నానుతుంది, పావురాలు గూడు పెడతాయి. మన దగ్గర పావురాల సంగతి తెలిసిందేగా.

వదిన: కింద కర్రకి రెండు వైపులా తాడు వేసి గ్రిల్‌కి కట్టు, కొట్టుకోదు. తొలకరి పడగానే చుట్టి లోపల పెట్టు. ఏడాదిలో మూడు నెలలే దాని పని. మేదరి వాళ్ళ దగ్గర కొలత చెప్పి చేయించుకో, వాళ్ళకీ నాలుగు రూపాయలు వస్తాయి.

చిన్నా: చిక్కడపల్లి ఇంట్లో వట్టివేళ్ళ తడికలు ఉండేవి, గుర్తుందా?

వదిన: నా పెళ్ళయిన మొదటి వేసవి అది. మర్చిపోతానా?

చిన్నా: గంటకోసారి చెంబుతో నీళ్ళు కొట్టడం నా డ్యూటీ. కొట్టగానే ఆ వాసన... మట్టివాసన కాదు, దానికంటే తియ్యగా ఉంటుంది. అమ్మ తడిక పక్కనే చాప వేసుకుని పడుకునేది. ముందు నా నుదుటి మీద తడి చెయ్యి పెట్టేది, తర్వాత తను పడుకునేది.

వదిన: మే నెలలో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ నీళ్ళు ఇట్టే ఆవిరయ్యి గాలిని చల్లబరిచేవి. సముద్రపు ఊళ్ళో ఉక్కకి ఆ తడిక అంతగా పనిచేయదు. (కాసేపు ఆగి) చిన్నా, అత్తయ్య గదికి కూడా నువ్వు బ్లాకౌటే వేయించావు కదా?

చిన్నా: అవును, ఎండ తగలకూడదని. ఆ గదిది కూడా పడమరే.

వదిన: ఆవిడ రోజూ పొద్దున్నే ఆ బరువు కర్టెన్‌ని పక్కకి లాగి పిన్నీసు పెడతారు. సాయంత్రం నువ్వు లేచే వేళకి తీసేస్తారు.

చిన్నా: ఎందుకు?

వదిన: రోడ్డు కనిపించదని. కూరగాయల బండి, స్కూలు బస్సు, ఎదురింటి వేపచెట్టు. మోకాళ్ళ నొప్పితో కిందికి దిగలేకపోతున్నారు. ఆవిడకి ఊరంటే ఇప్పుడు ఆ కిటికీయే.

చిన్నా: నాకెవరూ చెప్పలేదే.

వదిన: చెప్పొద్దన్నారు. ‘పిల్లాడు డబ్బు పెట్టి వేయించాడు, బాధపడతాడు’ అన్నారు. నేను ఇవాళ చెప్పాలనే అనుకున్నా. ఇక్కడ చెబుతాననుకోలేదు.

చిన్నా: ఆ పిన్నీసు పెట్టిన చోట చిన్న చిన్న చిల్లులున్నాయి. ఎలక కొట్టిందనుకున్నా.

వదిన: బాధపడకు. చీకటి నీకు అవసరం. ఆవిడకి వెలుగు అవసరం. ఒకే ఇల్లయినంత మాత్రాన ఒకే కర్టెన్ వేయాలనేముంది?

చిన్నా: అమ్మ గదికి బయట చిక్ కట్టిస్తా. అసోసియేషన్‌తో నేను మాట్లాడతా. మధ్యాహ్నం రెండింటికి దింపి ఎండ పోయాక ఎత్తేయొచ్చు. చిక్ దింపినా సందుల్లోంచి రోడ్డు కనిపిస్తుంది కదా?

వదిన: కనిపిస్తుంది. లోపల పల్చటి నూలు ఒకటి చాలు. పోచంపల్లిలో...

చిన్నా: కొనండి వదినా. అమ్మకి ఏ రంగు నచ్చుతుందో మీకే తెలుసు.

వదిన: ఎరుపు, నలుపు, తెలుపు ఉన్న తేలియా రుమాలు డిజైన్. కొట్లో చూసి రెండుసార్లు తడిమి వదిలేశారు.

చిన్నా: మరి నా గదికి?

వదిన: ఆ ముదురు నీలం తీసేయకు. వెనక తెల్ల అస్తరు కుట్టించు, అద్దం వైపు తెలుపుంటే కొంత ఎండని తిప్పికొడుతుంది. కోటింగ్ ఉన్న బ్లాకౌట్‌ని వేడినీళ్ళలో వేసి మెషీన్లో తిప్పకు, పొర పగిలి రాలిపోతుంది. చీకటి ఇంకా కావాలంటే కిటికీ గూట్లో రోలర్ బ్లైండ్, అంటే పైకి చుట్టుకునే తెర వేయించుకో.

చిన్నా: అయ్యో, హాలు, వంటిల్లు మిగిలిపోయాయి.

వదిన: వంటింటికి బట్ట వద్దు. పొయ్యి దగ్గర ప్రమాదం, జిడ్డు పడుతుంది. హాలు సంగతి ఇంకోసారి. కానీ ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పాలి. రోలర్ బ్లైండ్ గొలుసు పిల్లల మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో గొలుసు లేని బ్లైండే తీసుకోండి. ఉన్నది గొలుసు బ్లైండే అయితే గొలుసుని సాగదీసి గోడకి బిగించండి, మంచం, ఉయ్యాల ఆ కిటికీ దగ్గర వేయకండి.

చిన్నా: టేపు ఇక్కడే ఉంది. ఇప్పుడే కొలిచేస్తా. 59 అంగుళాలు.

వదిన: ఎక్కడ?

చిన్నా: కింద.

వదిన: గూట్లో పెట్టేదయితే పైన, మధ్యన, కింద మూడు చోట్లా కొలవాలి. గోడలు ఎక్కడా సమంగా ఉండవు.

చిన్నా: మధ్యన 59. పైన... ఆగండి, కుర్చీ ఎక్కుతా. పైన 58న్నర.

వదిన: చిన్నదే రాసుకో. దిగేటప్పుడు చూసుకో.

చిన్నా: అమ్మ కిటికీ కూడా ఇప్పుడే కొలుద్దామా? మేలుకునే ఉందా?

వదిన: ఉన్నారు, కిటికీ దగ్గరే. టేపు ఇటు ఇవ్వు, మైకు ఆపేసి రా.