ఒక్క ఈడు బట్టలు

శ్రోతలకు నమస్కారం.

చలికాలం రాగానే మా ధర్మాబాద్ వాకిళ్లలో పొద్దున్నే ఒకే వస్తువుకు రెండు పేర్లు వినపడతాయి. "బొంతలు ఎండలో వేశారా?" అని నేనడుగుతాను. మా పక్కింటి మరాఠీ వదిన మాత్రం వాటిని గోధడ్యా అంటుంది. మా నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఆ తర్వాత బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు చాలా ఇళ్లలో తెలుగూ మరాఠీ కలిసే నడుస్తాయి. దెగ్లూర్ దాటి కర్ణాటకలోకి వెళ్తే ఇదే బొంత కౌది అవుతుంది. పేరు ఏదైనా సరుకు ఒకటే: పాత చీరలు, పాత ధోతులు, సూది, దారం.

లేత రంగుల్లో, కంటికి చల్లగా ఉండే ఒక మామూలు అతుకుల బొంత కుట్టడం గురించి ఈరోజు చెప్తాను. పొందిక లేనిదాన్ని చూసి "అతుకుల బొంతలా ఉంది" అనేస్తుంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. పొందిక కుదరకపోతే అతుకుల బొంత నిలవనే నిలవదు. అది నాకు నష్టపోయాకే తెలిసింది.

పెళ్లైన కొత్తలో నేను కుట్టిన మొదటి బొంత ఒక్క ఉతుకుతోనే పాడైంది. పాత చీరల ముక్కలు మరీ వెలవెలబోతున్నాయనిపించి, బజారులో మీటరున్నర ఎర్ర గుడ్డ కొని మధ్య మధ్యలో వేశాను. చూడ్డానికి బాగానే ఉంది. నీళ్లలో పెట్టగానే ఎరుపు దిగి పక్క ముక్కలన్నీ గులాబీ మరకలైపోయాయి. మరకలైనా భరించవచ్చు, అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. కొత్త గుడ్డ తడిసి ముడుచుకుంది. పాత గుడ్డ ముడుచుకోవాల్సినంత ఎప్పుడో ముడుచుకుంది కాబట్టి అది కదల్లేదు. ఆ లాగుడుకు కుట్టు పక్కన పాత గుడ్డ బారుగా చిరిగింది. మా అత్తమ్మ దాన్ని చేత్తో తడిమి చూసి, "ఒక్క ఈడు బట్టలు వేయాలమ్మా" అంది. నన్ను ఏమీ అనలేదు.

అప్పటినుంచి నేను ముందు రంగు చూడను, ఈడు చూస్తాను. పాత నూలు బట్టలన్నీ ఉతికి ఆరేసి, ఒక్కొక్కటే కిటికీకి అడ్డంగా పట్టుకుంటాను. వెలుతురు ఏ గుడ్డలోంచి ఎంత వస్తుందో చూస్తే దాని వయసు తెలిసిపోతుంది. రెండు చేతులతో కొంచెం లాగాలి. పర్రుమంటే అది పై పొరకు పనికిరాదు, లోపలి పొరకు పోతుంది. సింథటిక్ చీరలు కలపకండి. అవి నూలులా చెమట పీల్చవు, వాటి మీద సూది కూడా జారుతుంది.

ఒక్క చీరను జాగ్రత్తగా చూడండి. నడుములో దోపుకునే మొదటి మూర ఎండ చూడదు, అక్కడ కొన్ననాటి రంగు ఇంకా ఉంటుంది. కుచ్చిళ్ల భాగం కొంత వెలుస్తుంది. భుజం మీద, తల మీద ఉండే కొంగు బాగా వెలుస్తుంది. అంటే ఒక్క ముదురు నేరేడు రంగు చీర మనకు మూడు ఛాయలు ఇస్తుంది. ఏ దుకాణంలో అడిగినా అంత చక్కగా కలిసే మూడు గుడ్డలు దొరకవు. అచ్చు గుడ్డ అయితే తిరగేసి చూడండి, వెనక వైపు పువ్వులు మసక మసకగా, మెత్తగా ఉంటాయి. నేను చాలా ముక్కలు తిరగేసే వేస్తాను.

ఇక తెల్ల ధోతులు. వాటిని పనికిరానివని పక్కన పెట్టకండి. గోదావరిలో, చెరువులో ఏళ్ల తరబడి ఉతికిన ధోతికి నీరుకావి పడుతుంది. అది తెలుపూ కాదు, పసుపూ కాదు, ఎరుపూ కాదు. ఏ రంగు పక్కన పెట్టినా ఒదిగిపోతుంది. నా బొంతల్లో మూడో వంతు నీరుకావే ఉంటుంది. దానికి తోడు ఎండిన జొన్న చొప్ప రంగు, బూడిద రంగు, వెలిసిన నేరేడు, వెలిసిన ఇటుక రంగు చాలు. ఇంకా ముదురు రంగు కావాలనిపిస్తే నాలుగైదు ముక్కలకు మించి వద్దు.

రంగు దిగుతుందని అనుమానం ఉన్న గుడ్డను తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి గట్టిగా నొక్కండి. మరక పడితే పక్కన పెట్టేయండి.

కొలతలు సులువే. అట్ట ముక్కను 8 అంగుళాల చదరంగా కోసి, దాన్ని గుడ్డ మీద పెట్టి గీత గీసి కత్తిరించండి. నాలుగు వైపులా అరంగుళం కుట్టులోకి పోతే 7 అంగుళాలు మిగులుతుంది. అడ్డం 8, నిలువు 12, మొత్తం 96 ముక్కలు. 56 అంగుళాల వెడల్పు, 7 అడుగుల పొడవు వస్తుంది. ఒక మనిషి కాళ్లు ముడుచుకోకుండా కప్పుకోవచ్చు.

కుట్టకముందు ముక్కలన్నీ నేల మీద పరవండి. ఈ పనికి మాత్రం తొందర వద్దు. నేను రెండు రోజులు అలాగే ఉంచుతాను, ఇంట్లోవాళ్లు చుట్టూ తిరిగి పోతారు. పొద్దునొకసారి, దీపాలు పెట్టాక ఒకసారి, గుమ్మంలో నిలబడి కళ్లు సగం మూసి చూస్తాను. ఏదైనా ముక్క ఒక్కటే ముందుకు దూకినట్టు కనిపిస్తే దాన్ని మారుస్తాను. కుదిరాక ఒక్కో వరుసను దొంతరగా పేర్చి, పైన అంకె రాసిన కాగితం గుచ్చుతాను. ముందు వరుసలు కుట్టి, తర్వాత వరుసకు వరుస కలపాలి. మిషన్ ఉంటే ఒక పూట పని.

అడుగు పొరకు ఒక గట్టి చీర కావాలి. చీర పన్నా 45 అంగుళాలే కాబట్టి దాన్ని రెండు పొడుగు ముక్కలుగా చేసి పక్కపక్కన కలిపి, పై పొర కంటే అన్ని వైపులా 2 అంగుళాలు ఎక్కువ ఉంచండి. మధ్యలో రెండు పాత చీరలు చాలు. మరీ మందంగా వేస్తే సూది దిగదు, ఉతికాక ఆరదు. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు ముడతలు తోసి, జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు, అంటే పొరలు కదలకుండా పట్టి ఉంచే కుట్లు, వేయండి. టాకాలు సరిగ్గా పడకపోతే అడుగు చీర ముడతలు తేలి, విప్పి మళ్లీ కుట్టాల్సి వస్తుంది.

తర్వాత చేతికుట్టు. నూలు దారం రెండు పోగులు తీసుకుని, మైనం మీద ఒకసారి లాగితే చిక్కు పడదు. మూరన్నర కంటే పొడవు దారం వద్దు. అంచు నుంచి మొదలుపెట్టి, వరుసకు వరుసకు రెండు వేళ్ల ఎడం ఉంచుతూ, బొంత చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి. కుట్టు కొంచెం వంకర పోతే పోనివ్వండి, దారం మాత్రం బిగించి లాగకండి. వదులుగా ఉంటేనే బొంత ఒంటికి అతుక్కుంటుంది. చివరికి అడుగు చీర అంచును పైకి మడిచి కుట్టేస్తే గోటు తయారు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ మహిళలు కూడా ఇలాగే అంచు నుంచి లోపలికి కుడతారు. వాళ్లు నాలుగు మూలలా మడత పెట్టిన చిన్న గుడ్డ పువ్వులు పెట్టందే బొంత పూర్తయిందనుకోరు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చి, నా బొంతలకూ పెడుతున్నాను.

ఉతికినప్పుడు పిండకండి, నీళ్లు వాటంతటవే కారనివ్వండి. ఒక తీగ మీద వేలాడదీస్తే బరువుకు కుట్లు సాగుతాయి. రెండు నులక మంచాలు పక్కపక్కన వేసి, పరిచి ఆరబెట్టండి.

ఇప్పుడు మా ఇంట్లో ఒక బొంత సగంలో ఉంది. 60 ముక్కలు సిద్ధం, ఇంకా 36 కావాలి. బూడిద రంగు తక్కువ పడింది. మా చెల్లెలు నిజామాబాద్ నుంచి ఒక పాత చీర పంపుతానంది. రాగానే కిటికీ దగ్గర పట్టుకుని చూడాలి, మిగతావాటి ఈడుదో కాదో.

నమస్కారం.