నెటిల్స్‌ది ఏ రక్తం?

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని, బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకుని డ్రాగన్ల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే చాలా సంతోషంగా ఉంది. నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సృష్టించిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ప్రపంచంలో డ్రాగన్ ఎక్కాలంటే ఒంట్లో టార్గేరియన్ అనే రాజవంశం రక్తం ఉండి తీరాలా? టీవీ సిరీస్ మాత్రమే చూసినవాళ్ళు ఉండాల్సిందే, ఇందులో అడగడానికి ఏముంది అంటారు. పుస్తకాలు చదివినవాళ్ళలో కూడా చాలామంది అదే మాట అంటారు. నేను కాదంటాను. రక్తం ఉండబట్టే డ్రాగన్ లొంగిందని పుస్తకం ఎక్కడా రుజువు చెయ్యలేదు, డ్రాగన్ లొంగాక ఆ మనిషికి రక్తం అంటగట్టారు, ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఇదే. దానికి నా ముఖ్యమైన సాక్షి నెటిల్స్ అనే అమ్మాయి. చదవనివాళ్ళు ఏమీ అనుకోకండి, కథంతా బయటపెట్టేస్తాను.

నేను ఎక్కువగా మాట్లాడేది 2018లో వచ్చిన ‘ఫైర్ అండ్ బ్లడ్’ గురించి. ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ సిరీస్‌కి మూలం అదే. ఒక విషయం మర్చిపోవద్దు, అది నవలలా రాసింది కాదు. గిల్డేన్ అనే పండితుడు ఎప్పుడో జరిగిపోయినవాటి గురించి ఒక సెప్టన్, అంటే పూజారి, ఒక గ్రాండ్ మేస్టర్, అంటే రాజుగారి కొలువులో పండితుడు, మష్రూమ్ అనే ఆస్థాన విదూషకుడు చెప్పినవన్నీ కలిపి రాసిన చరిత్రలాగా ఉంటుంది. ఆ ముగ్గురిలో ఎవరి మాటా పూర్తిగా నమ్మడానికి లేదు. కాబట్టి అందులో ‘ఫలానా వాడు డ్రాగన్ రక్తం ఉన్నవాడు’ అని కనబడితే, ఎవరన్నారు, ఎప్పుడన్నారు, అన్నందువల్ల ఎవరికి లాభం అని అడగాలి.

మామూలుగా వచ్చే వాదన ఒకటుంది, చరిత్రలో డ్రాగన్ ఎక్కినవాళ్ళందరూ వలేరియా అనే పాత సామ్రాజ్యపు వంశాలవాళ్ళే కదా అని. నిజమే, కానీ వేరేవాళ్ళని ఎవరు ఎక్కనిచ్చారు చెప్పండి? వలేరియా సర్వనాశనం కావడానికి 12 ఏళ్ళ ముందే టార్గేరియన్లు డ్రాగన్‌స్టోన్ అనే ద్వీపానికి వచ్చేశారు. ఆ నాశనం తర్వాత డ్రాగన్లున్న కుటుంబం వాళ్ళదొక్కటే మిగిలింది. గుడ్లు వాళ్ళవి, ద్వీపం వాళ్ళది, డ్రాగన్ల దగ్గర కాపలావాళ్ళు కూడా వాళ్ళవాళ్ళే. పిల్ల పుట్టగానే ఉయ్యాలలో గుడ్డు పెట్టేవాళ్ళు, ఆ గుడ్డు పొదిగితే పిల్లా డ్రాగనూ కలిసే పెరిగేవాళ్ళు. చేపలు పట్టేవాడి కొడుకు ఆ గేటు దాటితే తల ఎగిరిపోతుంది. నూరేళ్ళకి పైగా ఒకే ఇంటివాళ్ళని లోపలికి పంపి, లోపల ఆ ఇంటివాళ్ళే కనబడుతున్నారు చూశారా అంటే అది రుజువు ఎలా అవుతుంది?

ఆ గేటు ఒక్కసారి మాత్రం తెరుచుకుంది, అందుకే నాకు ఆ ఘట్టం అంత ఇష్టం. అక్కాతమ్ముళ్ళ మధ్య, అదే రెనైరాకీ ఆవిడ సవతి తమ్ముళ్ళకీ మధ్య సింహాసనం కోసం యుద్ధం జరుగుతోంది. రెనైరా పక్షాన డ్రాగన్లున్నాయి, ఎక్కేవాళ్ళు చాలరు. అప్పుడు ఆవిడ పెద్దకొడుకు జాసెరిస్ డ్రాగన్‌స్టోన్‌లో చాటింపు వేయించాడు, డ్రాగన్‌ని లొంగదీసుకున్నవాళ్ళకి భూములు, డబ్బు, నైట్ హోదా ఇస్తామని. ఆ ద్వీపంలో టార్గేరియన్ మగవాళ్ళకి పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లలు తరతరాలుగా ఉన్నారు, వాళ్ళని డ్రాగన్‌సీడ్స్ అనేవాళ్ళు. వచ్చినవాళ్ళలో చాలామంది కాలిపోయారు, చచ్చిపోయారు. వెర్మితార్ అనే డ్రాగన్‌ని హ్యూ అనే కమ్మరి కొడుకు, సిల్వర్‌వింగ్‌ని ఉల్ఫ్ అనే తాగుబోతు సైనికుడు, సీస్మోక్‌ని హల్ ఊరి కుర్రాడు ఆడమ్ దక్కించుకున్నారు. ఈ మూడూ అంతకుముందు రాజులూ రాణులూ దొరలూ ఎక్కి తిరిగినవే. మనిషి బరువు, మనిషి గొంతు వాటికి కొత్త కాదు. మార్టిన్ ఇది ఊరికే పెట్టాడని నేననుకోను.

ఇప్పుడు ఆడమ్ సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. అతనికి ఆలిన్ అని తమ్ముడున్నాడు. ఇద్దరికీ తల్లి ఒకతే, మారిల్డా. తండ్రి రెనైరా మొదటి భర్త లేనార్ వెలేరియన్ అని ఆవిడ చెప్పింది, కాదు లేనార్ తండ్రి కోర్లిస్ అని మష్రూమ్ అంటాడు. ఎవరైనా సరే, అన్నదమ్ములిద్దరికీ తండ్రి కూడా ఒక్కడే అనే అందరి లెక్క. అన్నని సీస్మోక్ ఎక్కించుకుంది. తమ్ముడు షీప్‌స్టీలర్ అనే అడవి డ్రాగన్ దగ్గరికి వెళ్తే బట్టలంటుకున్నాయి, అన్న తన డ్రాగన్‌తో వచ్చి ఆ అడవి డ్రాగన్‌ని తరిమితే ప్రాణం దక్కింది గానీ, ఆ కాలిన మచ్చలు జన్మంతా ఉండిపోయాయి. అదే తల్లి, అదే తండ్రి, అదే రక్తం. రక్తమే తేల్చేదైతే ఇద్దరికీ ఒకటే జరగాలి కదా!

సరే, నెటిల్స్ దగ్గరికి వద్దాం. పదహారు, పదిహేడేళ్ళ పిల్ల. నల్ల జుట్టు, చామనఛాయ, బక్కపల్చటి ఒళ్ళు, నోరు తెరిస్తే బూతులు, భయమంటే తెలీదు. తల్లి రేవులో ఒళ్ళమ్ముకుని బతికిన మనిషి, తండ్రి ఎవరో తెలీదు. వెండి జుట్టు, ఊదారంగు కళ్ళు, ఆ వంశం ఆనవాలు ఒక్కటీ లేదు. ఆమె కన్నేసిన షీప్‌స్టీలర్ బురద రంగు అడవి డ్రాగన్, అంతవరకూ ఎవరూ దాని వీపు ఎక్కలేదు. దానికి గొర్రె మాంసమంటే ప్రాణం, మందల మీద పడి ఎత్తుకుపోయేది, పేరు అలాగే వచ్చింది. మిగతావాళ్ళంతా కొరడాలతో, కేకలతో, మా తాత ఫలానా అనే ధైర్యంతో దాని మీదికి పోతుంటే, ఈ పిల్ల రోజూ పొద్దున్నే అప్పుడే కోసిన గొర్రెని తీసుకెళ్ళి దాని ముందు పెట్టేది. మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ. పోను పోను అది ఆమె తెచ్చింది తినడం అలవాటు చేసుకుంది, తర్వాత ఆమె కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. అడవి డ్రాగన్లు మూడుండేవి, వాటిలో మనిషికి లొంగింది ఇదొక్కటే, లొంగదీసింది ఈ అమ్మాయే.

అదే షీప్‌స్టీలర్ దగ్గరికి సిల్వర్ డెనిస్ అని ఒకడు వెళ్ళాడు, పేరుకి తగ్గట్టే వెండి జుట్టు, మేగోర్ అనే టార్గేరియన్ రాజు వంశం నాది అని చెప్పుకునేవాడు. వాడి చెయ్యి ఊడిపోయింది, తర్వాత కానిబాల్ అనే ఇంకో అడవి డ్రాగన్ వచ్చి వాణ్ణి తినేసింది. 2011లో వచ్చిన ‘ఎ డాన్స్ విత్ డ్రాగన్స్’ చదివినవాళ్ళకి క్వెంటిన్ మార్టెల్ గుర్తుండే ఉంటాడు. అతని వంశంలోకి ఒక టార్గేరియన్ రాజకుమార్తె కోడలిగా వచ్చింది, దాపరికం ఏమీ లేదు, పెళ్ళి చేసి పంపిన సంబంధమే. ఆ నమ్మకంతోనే మీరీన్ అనే నగరంలో డ్రాగన్లని బంధించిన గుంటలోకి కొరడా పట్టుకుని దిగాడు. వైసేరియన్ అనే డ్రాగన్ వైపు చూస్తుంటే వెనక నుంచి రేగాల్ అనే ఇంకో డ్రాగన్ కాల్చేసింది. చావడానికి మూడు రోజులు పట్టింది, పాపం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే భాగం చెప్తాను. నెటిల్స్ రెనైరా పక్షాన ఎగురుతున్నంత కాలం ఆమె రక్తం గురించి ఎవరికీ పట్టింపు లేదు, డ్రాగన్‌సీడ్ అనేశారు, సరిపోయింది. తర్వాత టంబుల్టన్ అనే ఊరి దగ్గర యుద్ధంలో హ్యూ, ఉల్ఫ్ పార్టీ ఫిరాయించారు. దాంతో రాణికి మిగతా ఇద్దరి మీదా అనుమానం పుట్టింది, పైగా భర్త డేమన్ ఈ అమ్మాయితో ఉంటున్నాడని మాట వచ్చింది. అంతే, ఆ పిల్ల మొహం చూస్తే తెలీడం లేదా, ఒంట్లో డ్రాగన్ రక్తం చుక్క కూడా లేదు, మంత్రాలు వేసి డ్రాగన్‌ని కట్టేసుకుంది అనేసింది. తల నరికి పంపమని, ఆ అమ్మాయి ఉన్న మెయిడెన్‌పూల్ అనే ఊరి దొరకి ఉత్తరం రాసింది. ఆలోచించండి. పని పడినప్పుడు రక్తం ఉంది, పని తీరాక లేదు. ఆ మధ్యలో అమ్మాయి మారలేదు, డ్రాగనూ మారలేదు. ఆడమ్‌ని కూడా పట్టుకోమంది, అతను తప్పించుకుని, సైన్యాన్ని పోగేసుకొచ్చి, ఆ రాణి కోసమే పోరాడి చచ్చిపోయాడు.

ఈ రక్తం మాట ఎందుకంత అవసరమైందో కూడా పుస్తకంలోనే ఉంది. జహేరిస్ అనే టార్గేరియన్ రాజు తన చెల్లెల్నే పెళ్ళి చేసుకున్నాడు, వాళ్ళ మతం అది ఒప్పుకోదు. అందుకని టార్గేరియన్లు మామూలు మనుషుల్లాంటివాళ్ళు కారు, డ్రాగన్లు ఎక్కేవాళ్ళకి మనకున్న నియమాలు వర్తించవు అని ఒక సిద్ధాంతం తయారుచేయించి, ఊరూరా ప్రచారకుల్ని పంపి చెప్పించాడు. వాళ్ళకి మామూలు జబ్బులు రావని కూడా జనం నమ్మేవాళ్ళు. ఆ రాజు చిన్నారి కూతురే చలిజ్వరం లాంటి జబ్బుతో రెండు రోజులైనా తిరక్కుండా పోయింది.

ఎదుటివాళ్ళ వాదనలో బలముంది, దాటవెయ్యను. నెటిల్స్ తండ్రి ఎవరో తెలీదు కాబట్టి ఆమెలో ఆ రక్తం లేదని కూడా చెప్పలేం కదా అంటారు. ఒప్పుకుంటాను, చెప్పలేం. వలేరియా వాళ్ళు ఏవో మంత్రాలతో డ్రాగన్లతో సంబంధం కలుపుకున్నారనీ, అది తరాలుగా వస్తుందనీ అనుకోవడానికి కూడా చోటుంది. ఆ రక్తం వల్ల కొంచెం మొగ్గు ఉంటుందంటే నేను గొడవ పడను. అది లేకపోతే అసలు కుదరదు అన్నదానికి మాత్రం ఒప్పుకోను. ఎక్కగలిగితే రక్తం ఉన్నట్టు, కాలిపోతే చాలినంత లేనట్టు అని లెక్క కడితే, ఆ మాట తప్పని ఎప్పటికీ తేలదు. ఎలా చూసినా గెలిచే వాదన అది. అలాంటి వాదనల్ని నేను నమ్మను.

ఇలాంటిది మనకి దగ్గర్లోనే ఉంది చూడండి. కొడగు, మైసూరు వైపు ఏనుగుల క్యాంపుల్లో మావటీలు చాలామంది జేను కురుబలు. వాళ్ళ రక్తంలోనే ఉందండీ ఆ విద్య అని మనం తేలిగ్గా అనేస్తాం. వాళ్ళ పిల్లలు నడక వచ్చిన దగ్గర్నుంచీ ఏనుగుల మధ్యే తిరుగుతారు, కావడిగా, అంటే మావటికి సహాయకుడిగా చేరి మేత వేస్తారు, ఏట్లో ఒళ్ళు తోముతారు, రాగి ముద్దలు పెడతారు, ఎన్నో ఏళ్ళకి మావటి అవుతారు. ఆ చాకిరీ అంతా రక్తం అనే ఒక్క మాట కింద కనబడకుండా పోతుంది. 2025 మేలో ఇక్కడే విధాన సౌధ దగ్గర కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కి కుంకీ ఏనుగుల్ని, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి తర్ఫీదు ఇచ్చిన ఏనుగుల్ని అప్పగించింది, అవి పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపుకి వెళ్ళాయి. మన వైపు మావటీలు ఇక్కడికొచ్చి ఆ పని నేర్చుకున్నారు. నేర్చుకుంటే వచ్చింది.

ఇంకొక్కటి. అస్త్రవిద్యా ప్రదర్శనలో కృపాచార్యుడు కర్ణుణ్ణి నీ కులమేది, తల్లిదండ్రులెవరు అని అడిగే ఘట్టం మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ ప్రశ్న అన్యాయమని మన కడుపు మండుతుంది. కానీ కథ చివరికి ఏం చేసింది? కర్ణుడు సూర్యుడి కొడుకు, కుంతి కొడుకు అని తేల్చింది. అంటే అంత విలుకాడు క్షత్రియుడే అయ్యాడు, కులం అడిగినవాళ్ళకి ఆఖరికి జవాబు దొరికింది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సిరీస్‌లో జాన్ స్నో కథా ఇంతే. ఒక దొరకి పెళ్ళి కాకుండా పుట్టిన కొడుకుగా పెరిగినవాడు 2019లో వచ్చిన ఆఖరి సీజన్‌లో రేగాల్‌ని ఎక్కాడు, అప్పటికే అతను టార్గేరియన్ అని మనకి చెప్పేశారు. నెటిల్స్‌కి మాత్రం మార్టిన్ అలాంటి తండ్రిని ఇవ్వలేదు. చివరిదాకా ఆమె రేవులో పుట్టిన పిల్లే, తన డ్రాగన్‌తో కొండల్లోకి వెళ్ళిపోయింది. ఆ ఖాళీని ఖాళీగా వదిలేసినందుకు ఆ రచయిత మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

అందుకే 2024లో వచ్చిన రెండో సీజన్ చూసి మనసు కష్టపెట్టుకున్నాను. అందులో నెటిల్స్ లేదు. వేల్ కొండల్లో అడవి డ్రాగన్ వెంటపడి ఎదురుగా నిలబడింది రేనా, డేమన్ సొంత కూతురు. ఆ పాత్ర మీద నాకేం కోపం లేదు, ఆ నటి బాగా చేసింది. కానీ రేనా ఆ డ్రాగన్ ఎక్కితే చూసేవాళ్ళకి ఇందులో అడగడానికి ఏమీ మిగలదు, టార్గేరియన్ పిల్ల కదా, ఎక్కింది అంటారు. పుస్తకం చదవని లక్షలమందికి రోజూ గొర్రెని మోసుకెళ్ళిన ఆ అమ్మాయి ఉందనే తెలీదు. మీలో ఆ భాగం చదవనివాళ్ళు దయచేసి చదవండి, చదివాక నాతో ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందు వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయికి మైక్ ఇవ్వండి.