కింగ్ లియర్‌లో పేరు లేని సేవకుడు

శ్రోతలకు నమస్కారం.

షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నాటకాన్ని 1606 డిసెంబర్ 26 రాత్రి, లండన్‌లోని వైట్‌హాల్ రాజభవనంలో మొదటి జేమ్స్ రాజు ఎదుట ఆడారు. కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ముసలి రాజు లియర్ రాజ్యాన్ని కూతుళ్లకు పంచుతాడు. తియ్యటి మాటలు చెప్పిన గానెరిల్, రీగన్‌లకు అంతా దక్కుతుంది. పొగడ్తలు చేతకాని చిన్నమ్మాయి కార్డీలియాకి చిల్లిగవ్వ రాదు. తర్వాత ఒక తుఫాను రాత్రి ఆ ముసలాయన బయట తడుస్తుంటే పెద్దకూతుళ్లు తలుపులు వేయించేస్తారు.

ఈ నాటకంలో మంచీ చెడూ అనగానే అందరూ ఆ ముగ్గురు కూతుళ్ల గురించే మాట్లాడతారు. నాకు మాత్రం మూడో అంకం చివరి సీన్‌లో వచ్చే ఒక సేవకుడి గురించి చెప్పాలని ఉంది. అతనికి షేక్‌స్పియర్ పేరు కూడా పెట్టలేదు. పట్టుమని పది వాక్యాలు మాట్లాడడు.

లియర్‌కి సాయం చేశాడన్న కోపంతో గ్లోస్టర్ ప్రభువును కుర్చీకి కట్టేస్తారు. అది గ్లోస్టర్ సొంత ఇల్లు. కట్టించింది ఆ ఇంటికి అతిథులుగా వచ్చిన రీగన్, ఆమె భర్త కార్న్‌వాల్. రీగన్ ఆ పెద్దాయన గడ్డం పీకుతుంది. కార్న్‌వాల్ ఒక కన్ను పెరికేస్తాడు. ఒక పక్క రెండో పక్కను వెక్కిరిస్తుంది, అదీ తీసెయ్యి అంటుంది రీగన్.

అప్పుడు కార్న్‌వాల్ సేవకుడే అడ్డం వస్తాడు. "ఆగండి దొరా! చిన్నప్పటి నుంచి మీ కొలువులోనే ఉన్నాను. ఇప్పుడు మిమ్మల్ని ఆగమనడం కన్నా గొప్ప సేవ మీకెప్పుడూ చెయ్యలేదు" అంటాడు.

ఉప్పు తిన్న ఇంటికి ఎదురు తిరగకూడదని మన పెద్దలు చెబుతారు. ఆ ఉప్పు రుణం తీర్చుకోవడానికే ఇతను ఎదురు తిరిగాడు. యజమాని చెయ్యి పాపం చేస్తుంటే దాన్ని పట్టుకుని ఆపడమే అతని దృష్టిలో కొలువు. కురుసభలో ద్రౌపది పక్షాన లేచిన వికర్ణుడు గుర్తొస్తాడు. అయితే వికర్ణుడు రాజు కొడుకు. అతని మాటను కర్ణుడు కొట్టిపారేశాడు గానీ ప్రాణం తియ్యలేదు. ఈ సేవకుడికి ఆ రక్షణ లేదు. దొర ఆగకపోతే కత్తి దూసి, కార్న్‌వాల్‌ని గాయపరుస్తాడు. ఒక పాలేరు ఇంత తెగిస్తాడా అంటూ రీగన్ కత్తి అందుకుని వెనక నుంచి పొడిచేస్తుంది.

చనిపోతూ అతను గ్లోస్టర్‌తో, "దొరా, మీకింకా ఒక కన్నుంది, వాడికి తగిలిన దెబ్బ చూడండి" అంటాడు. ఆ మాట విన్నాకే కార్న్‌వాల్ రెండో కన్నూ పెరికేస్తాడు. ఓదార్పుగా అన్న మాటే కొంప ముంచింది. సేవకుడి శవాన్ని పెంటకుప్ప మీద పడేయమంటారు.

కార్న్‌వాల్ కూడా సేవకుడు చేసిన ఆ కత్తి గాయంతోనే చస్తాడు. కబురు తెలిసిన గానెరిల్ భర్త ఆల్బనీ ప్రభువు, పైన న్యాయం చూసేవాళ్లు ఉన్నారని పొంగిపోతాడు. వెంటనే, "పాపం గ్లోస్టర్! రెండో కన్ను కూడా పోయిందా?" అని అడుగుతాడు. "రెండూ పోయాయి" అంటాడు వార్తాహరుడు. దేవుడున్నాడని సంతోషించడానికి షేక్‌స్పియర్ ఒక్క క్షణం కూడా ఇవ్వడు.

ఈ కాఠిన్యాన్ని జనం తట్టుకోలేకపోయారు. 1681లో నేహమ్ టేట్ అనే కవి కథ మార్చి, చివర్లో ఉరితో చనిపోవాల్సిన కార్డీలియాని బతికించి, పెళ్లి కూడా చేశాడు. దాదాపు నూట యాభై ఏళ్లు వేదికల మీద ఆ మార్చిన కథే నడిచింది. కార్డీలియా చావు తనని ఎంత కలచివేసిందంటే, సంపాదకుడిగా సరిచూడాల్సి వచ్చేదాకా ఆఖరి సీన్లు మళ్లీ చదవగలిగానో లేదో తెలియదని షేక్‌స్పియర్ నాటకాలకు సంపాదకుడైన విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ అంతటివాడు 1765లో రాశాడు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ టేట్ కథలో మంచితనానికి చివర్లో కూలి ముడుతుంది. ఆ సేవకుడు ఏ కూలీ అడగలేదు.

ఇంకో చిన్న ముక్క ఉంది. 1608లో అచ్చయిన ప్రతిలో, దొరలు వెళ్లిపోయాక ఇద్దరు సేవకులు వెనక ఉండిపోతారు. రక్తం కారుతున్న ఆ ముఖానికి రాయడానికి అవిసె నార, గుడ్డు తెల్లసొన తెస్తానంటాడు ఒకడు. 1623 ప్రతిలో ఈ మాటలు లేవు. 1962లో పీటర్ బ్రూక్ లాంటి పెద్ద దర్శకుడు కూడా తన ప్రదర్శనలో వీటిని తీసేశాడు. లోకం ఎంత నిర్దయగా ఉంటుందో చూపించాలని ఆయన ఉద్దేశం.

నాకది అన్యాయంగా అనిపిస్తుంది. ఆ మాటలు పలకడానికి నిమిషం కూడా పట్టదు. కళ్లు పెరకడాన్ని పూర్తిగా చూపించినవాళ్లు తెల్లసొన తెస్తానన్న మనిషిని దాచేస్తే, జరిగినదాంట్లో సగమే చెప్పినట్టు. నాటకం ఆడేవాళ్లు నిడివి తగ్గించుకోవాలంటే దొరల ప్రసంగాలు బోలెడున్నాయి, అవి కోసుకోవచ్చు.

నమస్కారం.